గింజ నిండకపోతే విత్తనాన్నే తిట్టకండి

మొక్కజొన్న గింజ ఎదగడంలో కణపొరలో కూర్చునే ప్రోటీన్లకు పనేమిటని అడిగారు. ఒకప్పుడు అగ్రికల్చర్ బీఎస్సీ చదివాను, ఇప్పుడు కర్నూలు దగ్గర కేసీ కాలువ పక్కన సేద్యం చేస్తున్నాను. పుస్తకంలో అర్థం కానిది పొలంలో అర్థమైంది.

మూడేళ్ల కింద రబీలో, సరిగ్గా పీచు వేసే టైంలో మా మోటారు కాలిపోయింది. ఎనిమిది రోజులు తడి లేదు. తర్వాత కంకి విప్పితే కింద సగమే నిండింది, కొసంతా తాలు. మందుల షాపాయన ‘గింజ నింపే టానిక్’ అంటగట్టాడు. రెండుసార్లు కొట్టాను. మా నాయన ఒక బక్క గింజ పెరికి, అది బెండుకు అతుక్కునే మొనను బొటనవేలి గోరుతో గీకాడు. లోపల నల్లచుక్క. "దీనికి మూత పడిందిరా, ఇంక నువ్వేం కొట్టినా లోపలికి పోదు" అన్నాడు.

ఆయన గీకింది చక్కెరను లోపలికి పంపే ప్రోటీన్లు ఉండే చోటికి పక్కనే. తల్లి మొక్క నుంచి గింజలోకి తిన్నగా గొట్టమేమీ ఉండదు. వచ్చిన చక్కెరను గింజ అడుగున ఒక ఎంజైము గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడగొడుతుంది. వాటిని కణపొర దాటించి లోపలికి పంపేది స్వీట్4సీ అనే ప్రోటీను. ఆ ప్రోటీనును తయారుచేసే జన్యువు చెడిన మొక్కల్లో గింజ వట్టి తోలుగా మిగిలిందని 2015లో తేలింది. ఇంకో తిరకాసు, చక్కెర తగిలితేనే ఆ ప్రోటీను బాగా తయారవుతుంది. అంటే మొదటి రోజుల్లో పస్తు పడితే చక్కెర లోపలికి పోయే ఆ తలుపే సరిగా తయారవదు. నా పొలంలో జరిగింది అదేనని నా నమ్మకం.

డెక్1, క్రింక్లీ4 అని కణపొరలో ఇంకో రెండు ప్రోటీన్లున్నాయి. వాటి పని చక్కెర మోయడం కాదు. ‘నువ్వు పైవరసలో ఉన్నావు, ఎల్యూరాన్ పొరగా మారు’ అని కణానికి కబురందడానికి అవి కావాలి. ఎల్యూరాన్ అంటే గింజలో పిండి చుట్టూ ఉండే పైవరస కణాలు. డెక్1 లేకపోతే ఆ పొరే ఏర్పడదు.

అన్నట్టు, నల్లచుక్క కనపడిందని వెంటనే కోసేయకండి. గింజ నిండడం ఆగిందని మాత్రమే దానర్థం, అప్పటికి తేమ 30 శాతం దాకా ఉంటుంది. కొనేవాళ్లు 14 అడుగుతారు. నేను నాలుగు రోజులు రోడ్డు మీద ఎండబోసి తీసుకుపోయినా మా దళారి మీటర్ 16 దగ్గరే ఆగుతుంది. పక్క ఊరి మీటర్లో అదే గింజ 13 చూపించింది. అడిగితే "మీటర్ అబద్ధం చెప్తుందా అన్నా" అంటాడు.