రోజుకు 20 ఇంగ్లీషు మాటలు రాయిస్తున్నా పిల్లలు మరిచిపోతున్నారు, ఎలా నేర్పాలి?

రాజాం దగ్గర ఇంట్లో ట్యూషన్ చెబుతున్నానని, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలచేత రోజుకు 20 మాటలు మీనింగులతో సహా రాయిస్తున్నానని, మర్నాడు టెస్టు పెడితే బాగానే రాసి, పది రోజులు తిరక్కుండా తెల్లమొహం వేస్తున్నారని రాశారు. ముందు ఆ 20ని ఆరేడుకు తగ్గించండి. మిగిలిన టైమంతా పాత మాటలు అడగడానికి వాడండి. నా జవాబు దాదాపు ఇంతే. ఎలా అడగాలన్నదే అసలు సంగతి.

నేను విజయనగరం జిల్లాలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. మా క్లాసులో మొదటి ఐదు నిమిషాలు పుస్తకాలన్నీ సంచుల్లోనే ఉంటాయి. నిన్నటివి, పోయిన వారం నేర్చుకున్నవి ఎన్ని గుర్తుంటే అన్ని తెల్లకాగితం మీద రాయాలి. మార్కులేం ఉండవు. "ఒక్కసారి చూసుకుంటాం సార్" అని బతిమాలతారు, నేను ఒప్పుకోను. చూస్తే వచ్చేసినట్టే అనిపిస్తుంది, అదే చిక్కు. నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయిన మాట కోసం కాసేపు గింజుకుంటేనే అది నిలుస్తుంది.

2008లో కార్పికే, రోడిగర్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థులకు ఆఫ్రికా భాష స్వాహిలీలోని 40 మాటలు ఇంగ్లీషు అర్థాలతో నేర్పి చూశారు. వచ్చేసిన మాటను కూడా మళ్లీ మళ్లీ అడిగినవాళ్లకు వారం తర్వాత 80 శాతం దాకా గుర్తున్నాయి. వచ్చేసింది కదా అని అడగడం మానేసినవాళ్లు, మళ్లీ మళ్లీ చదివినా సరే, మూడో వంతు దగ్గరే ఆగిపోయారు. తమాషా ఏమిటంటే, మీకెన్ని గుర్తుంటాయని ముందే అడిగితే అన్ని గుంపులవాళ్లూ సగం దాకా అనే చెప్పారు. ఏ పద్ధతి పనిచేస్తోందో నేర్చుకునేవాళ్లకే తెలియదన్నమాట. అందుకే పిల్లలు కష్టమని గునిసినా మీరు మెత్తబడొద్దు.

రోజూ అన్నీ అడగలేం కాబట్టి మూడు మిఠాయి డబ్బాలు పెట్టుకున్నాం. జర్మనీలో 1970ల్లో లైట్నర్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన పద్ధతే ఇది, కాస్త మార్చుకున్నాం. ఒక్కో మాటకి ఒక్కో చీటీ. చీటీలకి ఖర్చు లేదు. మాఘమాసం ముహూర్తాలు అయ్యాక ఏ ఇంట్లో చూసినా పాత శుభలేఖలే, వెనకవైపు ఖాళీ చూసి కత్తిరించుకోవడమే. మొదటి డబ్బాలో చీటీలు రోజూ అడుగుతాం. చెప్పగలిగితే చీటీ రెండోదాంట్లోకి వెళ్తుంది, దాన్ని వారానికి రెండుసార్లు తీస్తాం. అక్కడా గట్టెక్కితే మూడోదాంట్లోకి, దాన్ని రెండు వారాలకోసారి. తప్పితే మాత్రం ఎక్కడున్న చీటీ అయినా తిన్నగా మొదటి డబ్బాకే. ఇద్దరిద్దరు కూర్చుని ఒకరినొకరు అడుగుతారు, మీరు మధ్యలో తిరుగుతుంటే చాలు. స్పెల్లింగు వేరే గోల, దాన్ని ఇందులో కలపకండి.

చీటీకి ఒకవైపు తెలుగు అర్థం, ఆ మాట ఉండాల్సిన చోట ఖాళీ వదిలిన ఇంగ్లీషు వాక్యం రాయించండి. రెండోవైపు ఆ మాట. మీనింగు తెలిసినా పక్కన ఏ మాట రావాలో తెలియకే మన పిల్లలు "పుట్ ద ఫ్యాన్", "ఐ డిడ్ బాత్" అంటారు. అందుకే బాత్ ఒక్కటే నేర్పను, "టేక్ ఎ బాత్" మొత్తం నేర్పుతాను. వాక్యం పిల్లల సొంతదైతే మరీ మంచిది. భోగాపురం వైపు సముద్రపొడ్డు ఊరి అమ్మాయి ఒకామె "రిటర్న్" చీటీ మీద, వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్లిన వాళ్ల నాన్న గురించి రాసుకుంది. ఆ చీటీ ఎప్పుడూ మొదటి డబ్బాకి వెనక్కి రాలేదు.

తెలుగులో అర్థం చెప్పకూడదని కొందరు పంతం పడతారు. అసూయ అని ఒక్కమాటలో తేలిపోయే "జెలసీ"ని ఐదు నిమిషాలు అభినయించడమెందుకు? చెప్పేసి, ఆ ఐదు నిమిషాలూ పిల్లలచేత వాడించండి.

చాలామంది టీచర్లకి మింగుడుపడనిది ఇంకొకటుంది. వ్యతిరేకపదాలు, ఒకే కోవకి చెందిన మాటలు ఒకేరోజు కొత్తగా నేర్పకండి. 1990ల్లో టింకమ్, వేరింగ్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో, అర్థంలో దగ్గరగా ఉన్న మాటల్ని కలిపి నేర్చుకున్నవాళ్లకే ఎక్కువసేపు పట్టింది. "బారో", "లెండ్" ఒకేరోజు చెప్పి చూడండి, ఏది తీసుకోవడమో ఏది ఇవ్వడమో నెలంతా తారుమారే. నేను ముందు లైబ్రరీ పుస్తకాల పేరు చెప్పి "బారో" ఒక్కటే వాడిస్తాను. అది కుదురుకున్నాకే రెండోది. పాఠ్యపుస్తకం జంటలుగా ఇచ్చినా మనం విడదీసుకోవచ్చు.

ఏ ఆరేడు మాటలంటారా? ఇంగ్లీషు బోధన నిపుణుడు మైకేల్ వెస్ట్ 1953లో తయారుచేసిన జాబితాలో ఎక్కువగా వాడే మాటలు సుమారు 2,000 ఉన్నాయి. మామూలు ఇంగ్లీషు రాతలో 80 శాతం దాకా అలాంటి మాటలే. పాఠంలోంచి వాటినే ఏరుకోండి. ఎప్పుడో ఒకసారి తగిలే గట్టి మాటకు అర్థం చెప్పి ముందుకెళ్లిపోండి, చీటీ వద్దు.

ఫీజు కట్టే ఇంట్లోవాళ్లకి నిండిన నోట్సు కనపడాలి. "నోట్సు ఖాళీగా ఉందేటి మాస్టారూ" అని మీ గుమ్మంలోకీ వస్తారు. అప్పుడు వాళ్ల చేతికే ఒక చీటీల కట్ట ఇచ్చి, తెలుగు అర్థం చదివి వాళ్ల పిల్లల్ని అడగమనండి. ఇంగ్లీషు రాని అమ్మానాన్నలు కూడా అడగగలరు. మా స్కూల్లో కొందరు ఇప్పుడు ఇంటి దగ్గర కూడా అడుగుతున్నారు.

పాత నోట్సులు పారేయకండి. అర్థాలున్న వైపు స్కేలుతో మూసి అడిగి, చెప్పలేకపోయినవాటిలో అవసరమైనవాటికే చీటీలు చేయించండి. పరీక్షల ముందు వారం మాత్రం మేం డబ్బాలు పక్కన పెట్టేస్తాం, ఆ టెన్షన్‌లో ఎవరూ కుదురుగా కూర్చోరు.