టెక్ సందేహాలు: ఈసారి డిలీట్ కాని ఫైల్

ఈ కాలమ్‌లో ఫైల్ అనే మాట వచ్చిందంటే ఇన్నాళ్లూ ఎవరిదో ఏదో డిలీట్ అయిందనే లెక్క. ఈ వారం మాత్రం లోహాన్ని అరగదీసే ఫైల్ గురించి, అదే మన ఆకురాయి గురించి అడిగారు. పాస్‌వర్డ్‌ల గొడవ లేదు, హాయి.

ప్రశ్న: ఐటీ ఉద్యోగం, రోజంతా కీబోర్డే. చేతి పట్టు పెరగాలని కెప్టెన్స్ ఆఫ్ క్రష్ నంబర్ 1 గ్రిప్పర్ (రెండు హ్యాండిళ్లని చేత్తో నొక్కి మూసే స్ప్రింగ్ సాధనం) కొన్నాను, ఇప్పుడు తేలిగ్గానే మూస్తున్నాను. నంబర్ 2 కూడా తెచ్చాను కానీ అది సగంలోనే ఆగిపోతోంది. హ్యాండిళ్లు అరగదీస్తే లూజవుతుందని జిమ్‌లో ఒకతను చెప్పాడు. మా బావ దగ్గర గ్రైండర్ ఉంది, పెట్టేయమంటారా? (కూకట్‌పల్లి నుంచి)

ముందు ఆ గ్రైండర్ బావగారికి తిరిగి ఇచ్చేయండి. జిమ్‌లో ఆయన ఎక్కడో సగం మాట విని మీకు చెప్పినట్టున్నారు, ఎందుకంటే అరగదీస్తే గ్రిప్పర్ లూజవదు, ఇంకా కష్టమవుతుంది. బలమంతా పైన చుట్ట చుట్టుకున్న స్ప్రింగ్‌ది. నొక్కేకొద్దీ అది ఎదురు తన్నడం పెరుగుతుంది, హ్యాండిళ్ల కింది కొసలు ఒకదానికొకటి తగిలాయంటే ఇక అంతే, అక్కడితో మూసినట్టు లెక్క. ఆ తగిలే చోట లోపలివైపు కాస్త లోహం తీసేస్తే, కొసలు తగలాలంటే ఇంకొంచెం లోతుకి నొక్కాలి. అంటే ఈ పని చేయాల్సింది మీరు మూయగలుగుతున్న నంబర్ 1 మీద. నంబర్ 2 జోలికి పోకండి, సగం దగ్గర ఆగేదానికి కొసలు అరగదీసి లాభమేంటి?

ఎంత పెరుగుతుందో నా దగ్గరున్న గ్రిప్పర్ మీద చిన్న లెక్క వేశాను. తెరిచి ఉన్నప్పుడు కొసల మధ్య సుమారు 65 మి.మీ. ఉంది. రెండు వైపులా 2 మి.మీ. చొప్పున తీస్తే ప్రయాణం 4 మి.మీ. పెరుగుతుంది, అంటే చివర్లో పెట్టాల్సిన బలం సుమారు 6 శాతం ఎక్కువ. నంబర్ 1 మీద కంపెనీ చెప్పే అంకె 140 పౌండ్లు, నంబర్ 2 మీద 195. ఈ రెండింటికీ మధ్య తేడా దాదాపు 39 శాతం! అందుకే మీరు ఇరుక్కుపోయారు, తప్పు మీ చేతిది కాదు. మధ్యలో 167.5 పౌండ్ల నంబర్ 1.5 ఉంది, డబ్బులు పెట్టగలిగితే అది కొనడమే నా సలహా. అరగదీసిన గ్రిప్పర్ వల్ల లాభం వేరే: చివరి రెండు మూడు మిల్లీమీటర్లలో, అంటే వేళ్లు బాగా ముడుచుకున్నప్పుడు, పట్టు పెరుగుతుంది. చాలామందికి గ్రిప్పర్ ఆగిపోయేది అక్కడే.

చేసి తీరతానంటే చేయండి, కానీ చేత్తోనే. ఈ హ్యాండిళ్లు అల్యూమినియంవి (మీది వేరే బ్రాండ్ అయితే ఫ్రిజ్ మాగ్నెట్ పెట్టి చూడండి, అంటుకోకపోతే బహుశా అల్యూమినియమే), గ్రైండర్ రాయికి అల్యూమినియం పూతలా అతుక్కుపోయి రాయి పగిలే ప్రమాదం ఉంది. పైగా వేడి స్ప్రింగ్‌కి చేరితే దాని బిగువు పోతుంది. రాణీగంజ్ వెళ్లి పది అంగుళాల ఫ్లాట్ ఫైల్ ఒకటి బాస్టర్డ్ కట్‌ది (గరుకుది), ఇంకొకటి స్మూత్ (నున్నది) అడగండి. పేరు చూసి మొహమాటపడక్కర్లేదు, షాపతనికి అది గరుకుతనం కొలత మాత్రమే.

కొసల లోపలివైపు నల్ల మార్కర్ పూసి నాలుగైదుసార్లు మూయండి, ఇంకు చెరిగిన చోటే తగులుతున్న చోటు. వైస్‌లో (వస్తువు కదలకుండా పట్టి ఉంచే బిగింపు సాధనం) హ్యాండిల్‌ని పాత జీన్స్ గుడ్డ చుట్టి బిగించండి. నేను మొదటిసారి ఉత్తగానే బిగించాను, పట్టు కోసం చెక్కిన గరుకు గీతలన్నీ చదునైపోయాయి, ఇప్పటికీ చెమట పడితే ఆ వైపే జారుతుంది. ఫైల్ ముందుకు తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. అటూ ఇటూ రంపంలా లాగితే పళ్లు మొద్దుబారతాయి. ముందుగా ఫైల్‌కి సుద్దముక్క రుద్దండి, లేకపోతే అల్యూమినియం ముక్కలు పళ్లలో ఇరుక్కుని హ్యాండిల్ మీద చారలు పడతాయి. ఇరుక్కున్నవాటిని వైర్ బ్రష్‌తో దులపండి, నోటితో ఊదితే కళ్లలో పడతాయి. ఒక్కో వైపు అర మిల్లీమీటర్ తీయడం, వెర్నియర్‌తో కొలవడం, మూసి చూడటం, అంతే, తొందరపడితే తీసిన లోహం తిరిగి రాదు. రెండు వైపులా సమానంగా తీయండి, కింద నుంచి మూడో వంతు దాటి పైకి వెళ్లకండి, స్ప్రింగ్‌ని మాత్రం ఫైల్‌తో అసలు తాకకండి, దాని మీద పడిన చిన్న గీత దగ్గరే రేపు విరగొచ్చు. చివర్లో 220, తర్వాత 400 నంబర్ ఎమరీ పేపర్‌తో అంచులు గుండ్రం చేయండి, లేదంటే చిటికెన వేలు పక్క చర్మం నలుగుతుంది.

రెండు మాటలు. అరగదీశాక వారంటీ గురించి అడగకండి. వేళ్లలో తిమ్మిరి ఉంటే గ్రిప్పర్ పక్కన పెట్టి డాక్టర్‌ని కలవండి, రోజంతా కీబోర్డు అన్నారు కాబట్టి చెబుతున్నాను.

ప్రశ్న: నాది కౌంటర్ ఉన్న ప్లాస్టిక్ గ్రిప్పర్, 5 నుంచి 60 కిలోలు అని రాసి ఉంది. దీన్నీ అరగదీయొచ్చా? సగం నొక్కినా కౌంట్ పడుతోంది, అది లోపమా? (మల్కాజిగిరి నుంచి)

అరగదీయడానికి అందులో లోహపు హ్యాండిలే లేదు, ప్లాస్టిక్ ఫ్రేమ్ పలచబడితే చేతిలోనే పుటుక్కుమంటుంది. బిగుతు కావాలంటే నాబ్ తిప్పితే చాలు. కౌంటర్ విషయానికొస్తే, లోపల చిన్న మీట కదిలినప్పుడల్లా అంకె మారుతుంది, మీరు పూర్తిగా మూశారా లేదా దానికి తెలియదు. నోటితో లెక్కపెట్టుకోండి.