విదేశంలో ఉంటున్నాం. చాలాకాలం నమ్మకంగా పనిచేసే కొత్త వాషింగ్ మెషీన్ ఎలా ఎంచుకోవాలి?

ఏ దేశంలో ఉంటున్నారో మీరు రాయలేదు. అది తెలిస్తే సగం జవాబు తేలిగ్గా తేలిపోయేది. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు మా ఇంట్లో జరిగింది వినండి, మేం చేసిన తప్పు మీరు చేయకుండా ఉంటారు.

బయటి దేశం వచ్చిన కొత్తలో మేం మెషీన్ కొన్న తీరు ఇదీ. రాత్రి పదకొండింటికి నేనూ మా ఆయనా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. ఎన్ని కిలోలు, ఎన్ని ప్రోగ్రాములు, ఫోన్ నుంచి నడుస్తుందా లేదా, తగ్గింపు ఎంత, రివ్యూల్లో చుక్కలు (స్టార్లు) ఎన్ని... ఇవే చూశాం. అన్నింట్లో ఎక్కువ మార్కులు వచ్చినదాన్ని ఆర్డర్ పెట్టేశాం. రెండేళ్లు హాయిగా ఉతికింది. మూడో ఏడాది మధ్యలో స్పిన్ మొదలైతే చాలు, ఇంట్లో విమానం లేస్తున్నట్టు మోత. గ్యారంటీ అప్పటికే అయిపోయింది.

రిపేరుకొచ్చినాయన స్క్రూడ్రైవర్ కూడా బయటికి తీయలేదు. తలుపు తెరిచి ఖాళీ డ్రమ్మును చేత్తో ఒకసారి తిప్పాడు, అంచు పట్టుకుని పైకీ కిందికీ కదిపాడు, డ్రమ్ము సాఫీగా తిరగడానికి ఉండే బేరింగు పోయిందన్నాడు. "బేరింగు చిన్న వస్తువే. దాని దగ్గరికి వెళ్లే దారే లేదు" అని కూడా అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. డ్రమ్ము చుట్టూ నీళ్లు నిలిచే ప్లాస్టిక్ తొట్టి ఒకటి ఉంటుంది. దాన్ని రెండు సగాలుగా చేసి కలుపుతారు. కొన్ని మోడళ్లలో బోల్టులతో బిగిస్తారు, కొన్నింట్లో వేడిచేసి శాశ్వతంగా అతికించేస్తారు. బోల్టులదైతే విప్పి బేరింగు, దాని సీలు మార్చి మళ్లీ బిగించొచ్చు. అతికించినదైతే తొట్టి, డ్రమ్ము, బేరింగు అన్నీ కలిపి మొత్తంగా మార్చాలి. మాది అతికించిన రకం. కూలీతో కలిపితే దాదాపు కొత్త మెషీన్ ఖర్చు తేలింది. పారేశాం. తర్వాత మూడు వారాలు బట్టల మూటలు మోసుకుంటూ లాండ్రీకి తిరిగాం.

ఆ మూడు వారాల్లో నాకు తెలిసొచ్చింది ఒకటే. మన్నిక అనేది మెషీన్‌లో ఎంత ఉంటుందో, మీరున్న ఊళ్లో దాన్ని బాగుచేసే మనిషి దగ్గర కూడా అంతే ఉంటుంది. ఏ మెషీనైనా ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. ఆగినప్పుడు పార్టు దొరుకుతుందా, దాన్ని విప్పగలిగేవాళ్లు ఉన్నారా అన్నదే అసలు సంగతి. పరాయి దేశంలో మనకు తెలిసిన మెకానిక్ ఉండడు, కస్టమర్ కేర్ వాళ్లతో గొడవపడేంత భాషా రాదు. కాబట్టి ఈ పని కొనకముందే చేసుకోవాలి.

రెండోసారి నేను షాపుకి వెళ్లకముందు దగ్గర్లో ఉన్న ఇద్దరు రిపేరు వాళ్లకి ఫోన్ చేశాను. ఏ కంపెనీకీ చెందనివాళ్లను, సొంతంగా పని చేసుకునేవాళ్లను వెతికాను. "మీ దగ్గరికి ఏ కంపెనీవి ఎక్కువ వస్తాయి?" అని మాత్రం అడక్కండి. ఎక్కువ అమ్ముడయ్యేవే ఎక్కువ వస్తాయి, దాన్నిబట్టి ఏమీ తెలియదు. నేను అడిగినవి వేరు: ఏ మెషీన్ విప్పడం మీకు సులువు? దేని పార్టులు నాలుగు రోజుల్లో వస్తాయి, దేనికి నెల పడుతుంది? ఈ మోడల్‌లో తొట్టి బోల్టులదా, అతికించిందా? మీ ఇంట్లో ఏముంది? చివరి ప్రశ్నకి ఇద్దరూ నవ్వారు, ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకాయన ఇంట్లో ఉన్నది బాగా సాదాసీదా మోడల్, వైఫై కూడా లేదట.

ఇప్పుడు దేశం సంగతికి వస్తాను. మీరు యూరోపియన్ యూనియన్‌లో ఉంటే చట్టం మీకు కొంత అండగా ఉంది. 2021 మార్చి నుంచి అక్కడ అమ్మకానికొచ్చే వాషింగ్ మెషీన్లకు, ఆ మోడల్ చివరి మెషీన్ మార్కెట్లోకి వచ్చాక కూడా 10 ఏళ్ల పాటు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి, ఆర్డరిస్తే 15 పనిదినాల్లో అందాలి. మోటార్, పంపు, హీటర్, సర్క్యూట్ బోర్డులు, డ్రమ్ము, బేరింగులు అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఒక చిన్న మెలిక ఉంది: డ్రమ్ము, బేరింగు లాంటివి విడిగానైనా ఇవ్వొచ్చు, కలిపి ఒకే ముక్కగానైనా ఇవ్వొచ్చు. అందుకే చట్టం ఉన్నా ఆ బోల్టుల ప్రశ్న అడగడం మానకండి. దానికి తోడు అక్కడ వస్తువులో లోపం ఉంటే 2 ఏళ్ల చట్టబద్ధమైన హామీ ఉంటుంది, అది అమ్మినవాళ్ల బాధ్యత. షాపువాళ్లు "కంపెనీకి ఫోన్ చేసుకోండి" అంటే వినాల్సిన పని లేదు.

ఫ్రాన్స్‌లో ఉంటే పని ఇంకా తేలిక. ముందు తలుపున్న మెషీన్ల మీద 2021 నుంచి బాగుచేసే వీలుకి 10కి ఇన్ని అని మార్కులు వేసి చూపించారు, 2025లో దాని బదులు మన్నిక సూచీ వచ్చింది. పక్క దేశంలో ఉన్నవాళ్లు కూడా అదే మోడల్‌కి ఫ్రాన్స్‌లో ఎన్ని మార్కులొచ్చాయో వెతికి చూసుకోవచ్చు.

యూరప్ లేబుల్ గురించి ఒక మాట. పాత A+++ పద్ధతి 2021 మార్చి 1 నుంచి పోయి A నుంచి G వరకు కొత్త వరస వచ్చింది. అందులో కరెంటు 100 ఉతుకులకి ఎన్ని యూనిట్లో, నీళ్లు ఒక ఉతుక్కి ఎన్ని లీటర్లో, స్పిన్‌లో మోత ఎన్ని డెసిబెల్సో రాసి ఉంటాయి. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు అందరూ వదిలేసే ఆ మోత అంకెనే ముందు చూడాలని నా అభిప్రాయం. కింది ఇంటివాళ్లతో గొడవ కన్నా నాలుగు యూనిట్లు ఎక్కువ కాలడం నయం. ఇంకోటి, ఆ లేబుల్ అంకెలన్నీ "ఎకో 40-60" అనే ప్రోగ్రామువి. అది తక్కువ వేడితో ఎక్కువసేపు ఉతుకుతుంది, మూడు గంటలు దాటడం మామూలే. మెషీన్ పాడైందేమోనని మొదటిరోజు మేం టెన్షన్ పడ్డాం.

అమెరికాలో అయితే లెక్క వేరు. కరెంటు 120 వోల్టులు, సైజు కిలోల్లో కాకుండా ఘనపుటడుగుల్లో చెప్తారు, వేడినీళ్లకీ చన్నీళ్లకీ రెండు పైపులుంటాయి. యూరప్‌లో ఎక్కువగా ఒక్క చన్నీళ్ల పైపే ఉంటుంది, నీళ్లు మెషీన్ లోపలే కాగుతాయి. వెడల్పు కూడా తేడా: యూరప్‌లో 60 సెంటీమీటర్లు మామూలు, అమెరికాలో పెద్దవి 27 అంగుళాలు. అద్దె ఇంట్లో ఉంటే ముందు టేపు తీసుకుని జాగా ఒక్కటే కాదు, మెట్ల మలుపు, బాత్రూం తలుపు కూడా కొలవండి. వెనకాల పైపులకి నాలుగు వేళ్లంత చోటు వదలాలి. ఇంటి ఓనరుని అడగడం కూడా మరచిపోవద్దు, కొన్ని బిల్డింగుల్లో సెల్లార్లోనే పెట్టాలని నియమం ఉంటుంది.

ఎప్పుడో ఇండియాకి తిరిగి వెళ్లేటప్పుడు పట్టుకుపోదామన్న ఆలోచన ఉంటే, అమెరికా మెషీన్ విషయంలో వదిలేయండి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది కానీ మన కరెంటు 50 హెర్ట్జ్‌ని ఆ మెషీన్‌కి కావాల్సిన 60 చేయలేదు. యూరప్‌ది కరెంటు వరకు మన దగ్గర సరిపోతుంది, ఆ మోడల్ పార్టు దొరకడమే అనుమానం.

బ్రాండ్ల గురించి అందరూ అడుగుతారు. ఫలానాది కొనండి అని నేను చెప్పను, ఒకే పేరు మీద చవక మోడల్‌కీ ఖరీదైన మోడల్‌కీ లోపల పోలికే ఉండకపోవచ్చు. పేర్ల వెనక ఎవరున్నారో తెలుసుకుంటే మాత్రం సర్వీసు, పార్టుల సంగతి అర్థమవుతుంది. బాష్, సీమెన్స్ ఒకే ఇంటి పిల్లలు. ఏఈజీ ఎలక్ట్రోలక్స్‌ది. జీఈ అప్లయన్సెస్‌ని 2016లో, యూరప్‌లోని క్యాండీని 2019లో చైనా కంపెనీ హయర్ కొనుక్కుంది. రెండు పేర్ల మధ్య మీరు తలబద్దలు కొట్టుకుంటున్నప్పుడు, రెండూ ఒకే గూటివని తేలే అవకాశం ఉంది.

చుక్కల రివ్యూల్లో చాలావరకు మెషీన్ వచ్చిన వారంలో రాసినవే. "డెలివరీ బాగుంది, చూడ్డానికి బాగుంది" అని. మన్నిక గురించి వాటికేం తెలుస్తుంది? నేను ఒక్క చుక్క ఇచ్చినవాటిలో రెండేళ్ల తర్వాత రాసినవి వెతికి, ఒకే జబ్బు మళ్లీ మళ్లీ కనపడుతోందా అని చూశాను. అన్నిటికన్నా మంచిది వినియోగదారుల సంస్థల నివేదికలు: అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్, బ్రిటన్‌లో విచ్, జర్మనీలో స్టిఫ్టుంగ్ వారెన్‌టెస్ట్, ఆస్ట్రేలియాలో చాయిస్. చదవడానికి కొంత డబ్బు కట్టాల్సి రావచ్చు. ఒక నెలకి కట్టి, చదివి, మానేయండి. మెషీన్ ఖర్చులో అదెంత?

"మోటార్‌కి 10 ఏళ్ల గ్యారంటీ" అని పెద్ద స్టిక్కర్ చూసి మేం మొదటిసారి మోసపోయాం. మోసం అంటే వాళ్లు అబద్ధం చెప్పలేదు, మేం చిన్న అక్షరాలు చదవలేదు. ఆ గ్యారంటీ మోటార్ అనే ముక్కకి మాత్రమే, వచ్చి బిగించే కూలీకి కాదు. పైగా పోయింది బేరింగు. రిపేరు ఆయన చెప్పినదాని ప్రకారం తరచూ పోయేవి పంపు, బేరింగు, బోర్డు, తలుపు లాకు. మోటార్ చివరాఖరిది. అందుకే మొత్తం మెషీన్‌కి, కూలీతో సహా ఎన్నేళ్లు అన్నది అడగండి.

సైజు: ఇద్దరికి 7 కిలోలు, నలుగురికి 8 లేదా 9 చాలు. పెట్టె మీద రాసే బరువు నూలు బట్టలకి. సింథటిక్ ప్రోగ్రాములో దాదాపు సగమే వేయాలి. పెద్ద మెషీన్ కొని ఒక్క బరువైన దుప్పటి వేసి తిప్పితే అది ఒక పక్కకి చేరి డ్రమ్ము కొట్టుకుంటుంది, బేరింగుకి అదే శత్రువు. స్పిన్ నిమిషానికి 1200 చుట్లు చాలు, 1400 ఉంటే సరే, అంతకు పైన నాకు పెద్ద తేడా కనపడలేదు. ఉతికి ఆరబెట్టేది రెండూ ఒకదాంట్లో ఉన్నది కొనాలా అంటే, చోటు బొత్తిగా లేకపోతేనే. 9 కిలోలు ఉతికి 6 కిలోలే ఆరబెడుతుంది, మిగతావి చేత్తో తీయాలి, ఒకటి చెడితే రెండూ ఆగినట్టే.

నీళ్లు గట్టివా మెత్తవా అన్నది మీ ఊరి నీళ్ల సంస్థ వెబ్‌సైట్లో ఉంటుంది. గట్టి నీళ్లయితే హీటర్ మీద సున్నం పేరుకుంటుంది. డిటర్జెంట్ డబ్బా మీద నీళ్ల గట్టిదనాన్ని బట్టి ఎంత వేయాలో రాసి ఉంటుంది, అంతే వేయండి. మనకి నురగ ఎక్కువ వస్తేనే బట్టలు శుభ్రమైనట్టు అనిపిస్తుంది, ఆ అలవాటు ముందు తలుపు మెషీన్‌కి పనికిరాదు. నురగ ఎక్కువైతే జాడించడం సరిగా జరగదు, తలుపు రబ్బరులో జిగురు, వాసన. ఎప్పుడూ తక్కువ వేడిలోనే ఉతికేవాళ్లు నెలకోసారి 60 డిగ్రీల్లో తువ్వాళ్లో దుప్పట్లో వేస్తే ఆ బాధ ఉండదు. పని అయ్యాక తలుపు కొంచెం తెరిచి ఉంచండి.

మీటల మీద రాతలు తెలియని భాషలో ఉంటే, ఒక సాయంత్రం కూర్చుని మాన్యువల్ చూసి తెలుగులో చీటీలు అతికించేయండి. మా అత్తగారు వచ్చినప్పుడు "నూలు", "పట్టు", "జాడింపు మాత్రమే" అని మూడు చీటీలు అంటించాను. ఆవిడ నాకన్నా బాగా వాడారు.

బిగించేటప్పుడు ఒక్కటి చూసుకోండి. రవాణాలో డ్రమ్ము కదలకుండా వెనకాల పొడవాటి బోల్టులు బిగించి పంపిస్తారు. అవి తీయకుండా నడిపితే మెషీన్ గది మధ్యకి నడుచుకుంటూ వస్తుంది. మాటవరసకి అనడం లేదు, మొదటి మెషీన్ మా ఇంట్లో నిజంగానే అలా వచ్చింది. తెచ్చినవాళ్లు తీస్తారనుకున్నాం, మేం తీస్తామని వాళ్లనుకున్నారు. ఆ రోజే దాని బేరింగుకి ఆయుష్షు తగ్గిందేమో, ఎవరు చూడొచ్చారు!

ఇప్పుడున్నది బోల్టుల తొట్టి, వైఫై లేదు, రంగు కూడా మామూలు తెలుపు. మధ్యలో ఒకసారి పంపు పోతే అదే రిపేరు ఆయన వచ్చి గంటలో మార్చి వెళ్లాడు. దాని రవాణా బోల్టులు నాలుగూ కవర్లో వేసి మెషీన్ వెనకే టేపుతో అతికించాను. అప్పట్నుంచి రెండు ఇళ్లు మారాం, రెండుసార్లూ వెతుక్కునే పని పడలేదు.