ఎడమ కాలు వాచి, కడుపు నొప్పి కూడా ఉంటే

అమ్మలూ,

దెబ్బేమీ తగలకుండా కటి భాగంలోని సిర దానంతటదే ఎలా చిట్లుతుందని మొన్న అడిగావు. చాలా అరుదు. సర్వీసు మొత్తంలో ఒక్క కేసూ చూడని సర్జన్లే ఎక్కువ. ఎప్పుడూ చూడనిది అర్ధరాత్రి డ్యూటీలో తట్టదు, అందుకే రాస్తున్నాను.

ఎక్కువగా చిట్లేది ఎడమ ఇలియాక్ సిర, అంటే ఎడమ కాలి రక్తాన్ని కటిలోంచి పైకి మోసే పెద్ద సిర, అదీ నడివయసు దాటిన ఆడవాళ్లలో. కుడి కాలికి రక్తం తీసుకెళ్లే కుడి ఇలియాక్ ధమని దాని మీదుగా పోతూ వెన్నెముకకేసి నొక్కుతుంటుంది. ఈ నొక్కుడు గురించి మే, థర్నర్ అనే ఇద్దరు 1957లో రాశారు. అక్కడ రక్తం గడ్డకడితే సిర గోడ వాచి బలహీనపడుతుంది, కింద ఒత్తిడి పెరుగుతుంది. ఆపైన గట్టిగా దగ్గినా, ముక్కినా చాలు.

అసలు ఉచ్చు ఇక్కడుంది. ఎడమ కాలు వాచింది కాబట్టి సిరలో గడ్డేనని, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ సూది రాసేస్తాం. గడ్డ నిజమే, కానీ లోపల రక్తం కూడా కారుతుంటే? కాలి వాపుతో పాటు కింది కడుపులోనో నడుములోనో హఠాత్తుగా నొప్పి, పడుతున్న బీపీ ఉంటే సూది ఆపు. ముందు సీటీ. ఎక్కించిన రంగు మందు ధమనుల్లో ఉండగా తీసే ఫేజ్ ఒక్కటే తీసి ఊరుకోనివ్వకు, అది సిరల్లోకి చేరాక తీసే ఫేజ్ కూడా అడుగు. ఒకసారి మేము గుండె నుంచి వచ్చే పెద్ద ధమని, అయోర్టా, పగిలిందనుకుని పొట్ట తెరిచాం. అయోర్టా శుభ్రంగా ఉంది. వెనక నుంచి నల్లటి రక్తం, అంటే సిర రక్తం, ఉబికింది. ఆ కంగారు ఇప్పటికీ గుర్తే.

బీపీ నిలకడగా ఉంటే కత్తి పట్టుకోవడానికి తొందరపడకు. పెరిటోనియం (కడుపు లోపలి పొర) వెనక చేరిన రక్తమే చిరుగుని అదిమిపెడుతుంది. తెరిస్తే ఆ అదుము పోతుంది. రక్తం ఎక్కిస్తూ, హిమోగ్లోబిన్ మళ్లీ మళ్లీ చూస్తూ కనిపెట్టుకుని ఉండొచ్చు. వీలున్న చోట కవర్డ్ స్టెంట్ (తొడుగున్న జాలి గొట్టం) సిరలో పెడితే చిరుగూ మూసుకుంటుంది, నొక్కుడూ తగ్గుతుంది. షాక్‌లో ఉండి ఎంత రక్తం ఎక్కించినా నిలబడకపోతే మాత్రం ఆలోచించకు, ఆపరేషనే. చిరుగు కుట్టడం మేలు, సిరను ముడివేయడం చివరి దారి. తర్వాత కాలు చాలాకాలం వాచే ఉంటుంది.

రక్తం ఆగాక గడ్డ సంగతి మిగులుతుంది. గడ్డకట్టకుండా చేసే మందు మొదలుపెడితే మళ్లీ కారుతుందని భయం, పెట్టకపోతే గడ్డ ఊపిరితిత్తులకి పోతుందని భయం. ఈలోగా కొందరికి ఐవీసీ ఫిల్టర్, అంటే గడ్డ పైకి పోకుండా కడుపులోని పెద్ద సిరలో పట్టే జల్లెడ, పెడతాం. మందు ఏ రోజు మొదలుపెట్టాలన్నది మాత్రం నువ్వొక్కదానివే తేల్చకు, ఎంత రాత్రైనా మీ చీఫ్‌ని లేపు.

మీ పెదనాన్న