పెరటి ప్రశ్నలు: గూట్లో గుడ్లు, గోడ మీద పిల్లి

ప్రశ్న: నిరుడు మా పెరట్లో జామకొమ్మకి తీగతో చెక్క గూడు వేలాడదీశాం. పిచ్చుకలు వచ్చి పిల్లల్ని కూడా చేశాయి. ఒకరోజు పొద్దున చూస్తే గూడు ఖాళీ, కింద ఈకలు. పక్కింటి పిల్లి పనేనని మా అనుమానం. ఈ ఏడు మళ్లీ ఓ జంట చేరింది, నాలుగు గుడ్లున్నాయి. గూడుని వరండాలోకి మార్చేయమంటారా? చీమలు కూడా పడుతున్నాయి. ఒకటే టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దండీ, ఇప్పుడు మాత్రం కదపకండి. గుడ్లు పెట్టాక గూడు జరిపితే తల్లి పాత చోటికే వచ్చి వెతుక్కుంటుంది, చివరికి గుడ్లు వదిలేసి పోవచ్చు కూడా. పైగా వరండాలో ఫ్యాను ఉంటే అది పిల్లి కంటే ప్రమాదం. గూడు ఉన్నచోటే ఉంచి, దాని దాకా వచ్చే దారులు మూసేయండి.

కన్నం కింద చిన్న పుల్ల బిగించి ఉందేమో చూడండి. బజార్లో కొన్న గూళ్లకి చాలావాటికి ఉంటుంది, చూడ్డానికి ముచ్చటగా. పిచ్చుకకి దాంతో పనే లేదు, కన్నం అంచు పట్టుకుని దూరిపోతుంది, ఆ పుల్ల పనికొచ్చేదల్లా కాకికి. తల్లి బయటికెళ్లినప్పుడు చిన్న రంపంతో కోసేయండి, సుత్తితో కొట్టకండి, గుడ్లు అదురుతాయి. కన్నం 32 మిల్లీమీటర్లుంటే చాలు. అంతకంటే బాగా పెద్దదైతే గోరింకలు దూరతాయి, పిల్లి చెయ్యి పెడుతుంది, కానీ ఆ మరమ్మతు పిల్లలు ఎగిరిపోయాకే.

ఇక పిల్లి. పాత నూనె డబ్బా కోసి, ఆ రేకుని మొద్దు చుట్టూ, నేల నుంచి మూడు నాలుగడుగుల ఎత్తున, కనీసం రెండడుగుల వెడల్పు వచ్చేలా చుట్టి తీగతో కట్టండి, మేకులు వద్దు. గోళ్లు దిగక పిల్లి జారిపోతుంది, జెర్రిపోతుకి కూడా పాకడం కష్టమే. ఇంతటితో అయిపోలేదు. మా ఇంట్లో మొదటిసారి రేకు చుట్టి చంకలు గుద్దుకున్నాం, ఆ మహాతల్లి చెట్టెక్కనే లేదు, ప్రహరీ మీంచి కొమ్మ మీదకి ఒక్క గెంతు గెంతింది! గూటికి ఆరేడు అడుగుల్లో గోడ గానీ, అటు నుంచి వచ్చే కొమ్మ గానీ ఉంటే ఆ కొమ్మ కొట్టేయండి. గూటికి నీడ పట్టే కొమ్మ జోలికి మాత్రం వెళ్లకండి, సాయంత్రపు ఎండ సూటిగా తగిలితే లోపల పిల్లలు ఉడికిపోతాయి. వల చుట్టాలనిపిస్తుంది, చుట్టకండి, పిచ్చుకలే అందులో చిక్కుకుంటాయి.

చీమలకి మందు చల్లకండి. వేలాడదీసిన తీగకి పైభాగాన, పిట్ట వాలే చోటికి దూరంగా, కొంచెం గ్రీజు పూయండి చాలు. ఈ నెల రోజులూ బెండకీ చిక్కుడు పాదుకీ కూడా పురుగుమందు కొట్టొద్దు. పెద్ద పిచ్చుకలు గింజలు తిన్నా, పిల్లలకి పెట్టేవి పురుగులే కదా.

గుడ్లు పొదగడానికి 11 నుంచి 14 రోజులు, ఆ తర్వాత పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు. ఆ చివరి మూడు నాలుగు రోజులు మూత అసలు తీయకండి, బెదిరి ఎగరడం రాకుండానే దూకేస్తాయి.

ప్రశ్న: కింద పడ్డ పిల్లని మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరికి రానివ్వదంటారు, నిజమేనా?
ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: కాదు. ఈకలు రాని పిల్ల అయితే ధైర్యంగా తీసి గూట్లో పెట్టేయండి. ఈకలొచ్చి, పొట్టి తోకతో గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటున్నట్టు, దగ్గర్లోని పొదలో వదిలి, ఇంట్లో పిల్లి ఉంటే దాన్ని లోపల కట్టేసి, మీరు దూరంగా జరగండి. తల్లి అక్కడికే వచ్చి పెడుతుంది. నోట్లో నీళ్లూ పాలూ పోయకండి, ఊపిరాడక చచ్చిపోతుంది.