నార్వే వెళ్లేవారి ప్రశ్నలు: ఫ్యోర్డులు, కొయ్య చర్చిలు, రాతి బొమ్మలు

ప్రశ్న: మా అమ్మాయి ఓస్లోలో ఉద్యోగం చేస్తోంది. జూన్‌లో నేనూ మావారూ పది రోజులు అక్కడికి వెళుతున్నాం. ఓస్లో, బెర్గెన్, ఫ్యోర్డులు, లోఫోటెన్ దీవులు, ఉత్తరపు కొసనున్న నార్డ్‌కాప్ అన్నీ ఒకే యాత్రలో చూడాలని ఉంది. ఎలా ఏర్పాటు చేసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అన్నీ చూడాలనుకుంటే పది రోజుల్లో సగం ప్రయాణాలకే పోతుంది. ఓస్లో నుంచి నార్డ్‌కాప్‌కు రోడ్డు మార్గం రెండు వేల కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అందుచేత ఈసారికి ఉత్తరాన్ని వదిలిపెట్టి, పశ్చిమ నార్వేలోని సోగ్నె ఫ్యోర్డ్ ప్రాంతాన్ని నిదానంగా చూడమని నా సలహా. ప్రకృతి, చరిత్ర రెండూ ఒకే చోట కలిసి కనిపించే ప్రాంతం అది. అక్కడి కొండలను, నీటిని అర్థం చేసుకుంటే ఆ దేశం ఎలా బతికిందో కూడా అర్థమవుతుంది.

ఫ్యోర్డ్ అంటే హిమానీనదాలు తొలిచిన లోయలోకి సముద్రం చొచ్చుకువచ్చిన పాయ. సోగ్నె ఫ్యోర్డ్ తీరం నుంచి దేశం లోపలికి 200 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. లోపలి భాగంలో దాని లోతు సుమారు 1,300 మీటర్లు. సముద్రంలో కలిసే చోట మాత్రం 200 మీటర్లు కూడా ఉండదు. కొండల నడుమ ఇరుక్కున్న మంచు దట్టంగా ఉండి అడుగును బలంగా కోసుకుంటూ వచ్చింది. తీరం దగ్గర విస్తరించి పలచబడేసరికి ఆ కోత శక్తి తగ్గిపోయింది. ఈ సంగతి తెలిసి పడవ ఎక్కితే, పైకి కనిపించే కొండ ఎంతో, నీటి కింద దాగిన లోయ కూడా దాదాపు అంతేనన్న ఎరుక మనసులో ఉంటుంది.

ఓస్లో నుంచి బెర్గెన్ వెళ్లే రైలెక్కండి. 1909లో పూర్తయిన ఈ మార్గం 1,222 మీటర్ల ఎత్తున ఉన్న ఫిన్సె స్టేషన్ మీదుగా పోతుంది. జూన్‌లో కూడా అక్కడ మంచు కనిపించడం మామూలే. మిర్డాల్‌లో దిగి ఫ్లోమ్ రైలు ఎక్కితే 20 కిలోమీటర్ల దూరంలోనే 860 మీటర్లకు పైగా కిందికి దిగి ఫ్యోర్డ్ ఒడ్డుకు చేరుకుంటారు. ఫ్లోమ్ నుంచి గుడ్వాంగెన్ వరకు పడవ ప్రయాణం తప్పక చేయండి. ఆ దారిలోని నేరోయ్ ఫ్యోర్డ్ ఒకచోట 250 మీటర్ల వెడల్పుకు కుంచించుకుపోతుంది. యునెస్కో దీనిని 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పైనున్న మంచు కరిగే కాలం కాబట్టి జూన్‌లో జలపాతాలు నిండుగా ఉంటాయి.

చివరి రెండు రోజులు బెర్గెన్‌కు కేటాయించండి. అక్కడ ఏడాదిలో 200 రోజులకు పైగా వాన పడుతుంది కనుక గొడుగు కన్నా వానకోటు మేలు. రేవు ఒడ్డున వరుసగా నిలిచిన బ్రిగ్గెన్ కొయ్య భవనాలను బయటి నుంచి ఫొటో తీసుకుని వెనుదిరగకండి. వాటి మధ్య ఉన్న సన్నటి సందుల్లోకి నడవండి. జర్మన్ వర్తకుల హన్సా సంఘం 14వ శతాబ్దంలో ఇక్కడ స్థావరం ఏర్పరచుకుని, ఉత్తరాది నుంచి వచ్చే ఎండు కాడ్ చేపను యూరప్ అంతటా అమ్మింది. అగ్నిభయం వల్ల ఈ భవనాల్లో పొయ్యి వెలిగించడానికి అనుమతి ఉండేది కాదు. వంటకూ, చలికాలంలో కూర్చోవడానికీ వేరుగా ఉన్న సభాశాలలను వాడుకునేవారు. అంత జాగ్రత్తపడినా 1702లో ఆ ప్రాంతం తగలబడింది. నేడు మనం చూస్తున్నది ఆ తరువాత పాత పద్ధతిలోనే కట్టినది.

ప్రశ్న: మన దేశంలో వెయ్యేళ్లనాటి రాతి గుళ్లు ఉన్నాయి. నార్వేలో చెక్కతో కట్టిన చర్చిలు తొమ్మిది వందల ఏళ్లుగా నిలిచి ఉన్నాయంటే నమ్మశక్యంగా లేదు. ఆ వానల్లో, మంచులో కొయ్య ఎలా పాడవకుండా ఉంది? వాటిలో ఏది చూడాలి?
– చరిత్ర విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మీ సందేహం న్యాయమైనదే. మొదట్లో కట్టినవి నిజంగానే నిలవలేదు. తొలినాటి చర్చిల స్తంభాలను నేరుగా భూమిలో పాతేవారు. తేమకు వాటి మొదళ్లు కుళ్లిపోయేవి. తరువాతి వడ్రంగులు నేల మీద రాళ్లు పేర్చి, వాటిపై అడ్డదూలాలు పరిచి, నిలువు స్తంభాలనూ గోడపలకలనూ ఆ దూలాల మీదికి ఎక్కించారు. కొయ్యకు మట్టి తగలకుండా చేసిన ఆ ఒక్క మార్పే వాటి ఆయుష్షును శతాబ్దాలకు పెంచింది. దానికి తోడు పైన్ చెట్ల నుంచి తీసిన తారును బయటి గోడలకూ కప్పు పలకలకూ పూస్తూ వచ్చారు. ఆ పని నేటికీ సాగుతోంది. వేసవిలో ఎండ తగిలినప్పుడు ఆ తారు వాసన దూరం నుంచే తెలుస్తుంది. ఒకప్పుడు వందల సంఖ్యలో ఉన్న ఈ కొయ్య చర్చిలలో ఇప్పుడు 28 మాత్రమే మిగిలాయి.

ఒక్కటే చూడగలిగితే ఊర్నెస్ చూడండి. సోగ్నె ఫ్యోర్డ్ శాఖ అయిన లుస్త్రా ఫ్యోర్డ్ ఒడ్డున, సోల్వోర్న్ అనే ఊరికి ఎదుటి గట్టున ఉంటుంది. పడవలో దాటి, కొండ ఎక్కి వెళ్లాలి. చర్చిని 1130 ప్రాంతంలో కట్టారు, కానీ దాని ఉత్తరపు గోడలోని శిల్పద్వారం అంతకన్నా పాతది. అదే స్థలంలో ఉన్న 11వ శతాబ్దపు చర్చి నుంచి తీసి ఇక్కడ అమర్చారు. ఆ ద్వారం ముందు కాసేపు నిలబడి చూడండి. పక్కన నాలుగు కాళ్ల జంతువొకటి, సన్నటి పాము వంటి ప్రాణిని కొరుకుతూ ఉంటుంది. చుట్టూ తీగలో, పాములో తేల్చుకోలేని వంపులు ఒకదానిలోకి ఒకటి దూరి, సన్నబడుతూ, మళ్లీ లావవుతూ సాగిపోతాయి. ఉత్తర యూరప్ పాతకాలపు సముద్రయోధులైన వైకింగుల అలంకరణ శైలిలో చివరి దశకు ఈ ఊరి పేరే పెట్టారు. ఆ జంతువు సింహమా, క్రైస్తవ భావానికి ప్రతీకా, పాత పురాణగాథల శేషమా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. రాతిలో ఇంత నైపుణ్యం మనకు కొత్త కాదు. కొయ్యలో చేసిన పని ఇన్నేళ్లు మిగలడం మాత్రం అరుదు.

రూపం చెడకుండా పూర్తిగా నిలిచిన చర్చి చూడాలంటే, 1180 ప్రాంతపు బోర్గుండ్‌కు వెళ్లండి. అంచెలంచెలుగా లేచిన కప్పు కొసన డ్రాగన్ తలలు ఉంటాయి. ఫ్లోమ్ వైపు నుంచి కారులో వెళితే దారిలో 24.5 కిలోమీటర్ల లేర్దాల్ సొరంగం వస్తుంది.

ప్రశ్న: అర్ధరాత్రి సూర్యుణ్ణీ, అరోరా కాంతులనూ ఒకే ప్రయాణంలో చూడవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: చూడలేరు. అరోరా అంటే ధ్రువప్రాంతపు రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు. దానికి చీకటి కావాలి. ఉత్తర నార్వే పట్టణమైన ట్రోమ్సోలో మే 20 ప్రాంతం నుంచి జులై మూడో వారం దాకా సూర్యుడు అస్తమించడు. అరోరా కోసమైతే సెప్టెంబర్ చివరి నుంచి మార్చి చివరి లోపు వెళ్లాలి. అప్పుడు కూడా మబ్బు పడితే కనిపించదు కనుక ఒక్క రాత్రి కోసం అంత దూరం వెళ్లవద్దు.

ఏ కాలంలో వెళ్లినా, మంచు అడ్డం లేకపోతే ఉత్తరానే ఉన్న ఆల్టా పట్టణంలోని రాతి చెక్కడాలు చూడండి. సుమారు 7,000 ఏళ్ల నుంచి 2,000 ఏళ్ల క్రితం వరకు అక్కడి వేటగాళ్లు రెయిన్‌డీర్లను, ఎలుగుబంట్లను, పడవలను నీటి ఒడ్డు రాళ్లపై చెక్కారు. మంచుయుగపు మంచు బరువు తొలగిన నేల మెల్లగా పైకి లేస్తూ ఉండడంతో పాత బొమ్మలు ఒడ్డుకు దూరంగా ఎత్తుకు చేరాయి. వాటి వయసును ఆ ఎత్తును బట్టి అంచనా వేస్తారు. కొన్నింటి మీద కనిపించే ఎర్ర రంగు సందర్శకుల సౌకర్యం కోసం ఈ కాలంలో వేసినదే తప్ప ప్రాచీనులది కాదు.

ప్రశ్న: మేము శాకాహారులం. చిన్న ఊళ్లలో తిండికి ఇబ్బంది అవుతుందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఓస్లోలో ఇబ్బంది లేదు. గ్రోన్లాండ్ ప్రాంతంలో పప్పులు, మసాలాలు అమ్మే దక్షిణాసియా దుకాణాలు ఉన్నాయి. ఫ్యోర్డు ఊళ్లలో హోటళ్లు తక్కువ, ధరలు ఎక్కువ. వంటగది ఉన్న బసను ఎంచుకుని, పప్పూ పోపు సామానూ ఓస్లోలోనే కొని వెంట తీసుకెళ్లండి. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు. బ్రూనోస్ట్ అనే గోధుమరంగు జున్ను పాలు విరగ్గొట్టాక మిగిలే తేటను మరిగించి చేసేది, మన కోవాలా తియ్యగా ఉంటుంది. అయితే జున్నుల తయారీలో దూడ కడుపు నుంచి తీసిన పదార్థం వాడుతుంటారు కాబట్టి, నియమంగా ఉండేవారు కొనేముందు దుకాణంలో అడిగి తెలుసుకోవాలి.