ఆ పిల్లవాడి ఊరికి పేరు పెట్టు

తమ్ముడూ,

నీ కథ రాత్రే చదివేశాను, పొద్దున లేచి ఇంకోసారి చదివాను. ఇరాక్‌లో సిరియా కుర్దు శరణార్థులుండే దోమీజ్ క్యాంపు, గుడారంలో తంబూర్ వాయించే తాత, ఆయన మోకాలిని ఆనుకుని కూర్చున్న ఎనిమిదేళ్ల మనవడు, అంతా బాగా కుదిరింది. కానీ చివర్లో ఆ పిల్లవాడు లేచి నిలబడి "మాకు స్వేచ్ఛ కావాలి" అంటాడు చూడు, అక్కడ కథ చేజారిపోయింది. ఆ మాట వాడిది కాదు, నీది.

ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే కుర్దుల పాట దగ్గరికే వెళ్లాలి. టర్కీ, సిరియా, ఇరాక్, ఇరాన్‌లలో చెదిరి ఉన్న, సొంత దేశం లేని జనం వాళ్లు. వాళ్ల గాయకుణ్ణి దెంగ్‌బేజ్ అంటారు. దెంగ్ అంటే గొంతు, బేజ్ అంటే చెప్పేవాడు. చాలాసార్లు వాయిద్యం కూడా ఉండదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఒక్క ఊపిరిలో మాటలన్నీ గబగబా కుమ్మరించి, చివర్లో గొంతు సాగదీసి వదిలేస్తాడు. భాష రానివాళ్లకి అది ఒట్టి ఏడుపులా వినిపిస్తుంది. అర్థం తెలుసుకుంటే మాత్రం అందులో ఉండేవి ఎక్కువగా పేర్లే: ఎవరి కొడుకు, ఏ కొండ, ఏ ఊరు, ఏ వాగు దగ్గర ఎవరు పడిపోయారు.

పేర్లే ఎందుకంటే, వాళ్ల దగ్గర్నుంచి లాక్కున్నవి అవే కాబట్టి. టర్కీలో వేలాది ఊళ్లకు పాత పేర్లు తీసేసి టర్కిష్ పేర్లు పెట్టారు. 1983లో సైనిక పాలకులు తెచ్చిన చట్టం 1991లో రద్దయ్యేదాకా కుర్దు భాషలో క్యాసెట్ వెయ్యడమే నేరం. టర్కిష్ అక్షరమాలలో డబ్ల్యూ, క్యూ, ఎక్స్ లేవని, ఆ అక్షరాలున్న కుర్దు పేర్లను 2013 దాకా పిల్లల కాగితాల్లో రాయనివ్వలేదు. సిరియాలో కొబానీ అనే కుర్దు ఊరిని ప్రభుత్వ కాగితాల్లో ఐన్ అల్ అరబ్ అన్నారు. ఇక 1990లలో టర్కీ ఆగ్నేయ ప్రాంతంలో మూడు వేలకు పైగా ఊళ్లు, పల్లెలు ఖాళీ అయిపోయాయి. ఆ పిల్లలు దియార్‌బకిర్ సందుల్లో, ఇస్తాంబుల్ శివార్లలో పెరిగారు. ఊరు లేదు, ఊరి పేరు లేదు. పాటలో మాత్రం ఉంది.

కరాపేతె ఖాచో సంగతి నీకు చెప్పి తీరాలి. ఆయన కుర్దు కాదు, ఆర్మేనియన్. 1915లో ఒట్టోమన్ పాలకులు ఆర్మేనియన్ల మీద జరిపిన మారణకాండలో అనాథగా మిగిలిన పిల్లవాడు. కుర్దుల మధ్య, కుర్దుల పాటలతో పెరిగాడు, 1946లో సోవియట్ ఆర్మేనియా చేరాడు, అక్కడి రాజధాని ఎరెవాన్ రేడియోలో కుర్దు పాటలు పాడి పాడి పేరు తెచ్చుకుని 2005లో పోయాడు. ఖాచో వాళ్ల నాన్న పేరు. కరాపేతె ఖాచో అంటే ఖాచో కొడుకు కరాపేత్ అని. ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది, నాన్నను పోగొట్టుకున్న పిల్లవాడు ఆ నాన్న పేరుని తొంభై ఏళ్లు తన పేరుతోనే మోసుకు తిరిగాడు కదా.

ఆ రేడియోలో కుర్దు కార్యక్రమాలు 1955లో మొదలయ్యాయి. "ఎరెవాన్ ఖెబెర్ దిదె" అని మొదలుపెట్టేవాళ్లు. ఖెబెర్ అంటే మన కబురే, అదే మాట. సరిహద్దుకి ఇవతల టర్కీలో ఆ కబురు కోసం తలుపులేసుకుని, సౌండ్ తగ్గించుకుని వినేవాళ్లు. ఇంకో మాట కూడా రాసిపెట్టుకో: ఖెరీబీ. పరాయిచోట పరాయివాడిగా బతకడం. మన గరీబు కూడా ఆ వేరులోంచే వచ్చింది, కాకపోతే మన దగ్గరికి వచ్చేసరికి పేదవాడైపోయాడు, అసలు అర్థం ఊరు కానివాడు. నీ కథలో "స్వేచ్ఛ" ఉన్నచోట ఖెరీబీ అనే మాటను పెట్టి చూసుకో, సీన్ ఎటు తిరుగుతుందో నీకే తెలుస్తుంది.

పిల్లలు పాడితే ఏమవుతుందో కూడా చెప్తాను. 2007లో దియార్‌బకిర్‌లోని ఒక మునిసిపాలిటీ పిల్లల బృందం శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక సంగీతోత్సవానికి వెళ్లి, మిగతా పాటలతో పాటు "ఎయ్ రెఖీబ్" పాడింది. దిల్దార్ అనే కవి 1938లో జైల్లో రాసిన గీతం అది, కుర్దులకు జాతీయ గీతం. తిరిగొచ్చాక ఆ పిల్లల మీద తీవ్రవాద ప్రచారం కేసు పెట్టారు. మరుసటి ఏడాది కోర్టు వదిలేసింది. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు, ఇంకా చిన్నవాళ్లు, పాట పాడినందుకు బోనెక్కారు. వాళ్లు అక్కడ ఉపన్యాసాలేం ఇవ్వలేదు, పాడారంతే.

అందుకే నీ పిల్లవాడి చేత నినాదం చెప్పించకు. వాడు సిరియా వదిలొచ్చేసరికి నడక కూడా సరిగా రాని పసివాడై ఉంటాడు, లేదా క్యాంపులోనే పుట్టి ఉంటాడు. వాడికి ఊరు గుర్తులేదు. నానమ్మ పాడే లోరీ, అంటే జోలపాట, అదొక్కటే వాడి దగ్గరున్న ఊరు. అందులో ఆమె పిల్లవాణ్ణి జోకొడుతూనే తన బాధ తను చెప్పుకుంటుంది. బావి పేరు, తోట పేరు, చనిపోయిన చెల్లి పేరు. వాడు అడిగితే "నానమ్మా, ఆ బావిలో నీళ్లు తియ్యగా ఉండేవా?" అని అడుగుతాడు. ఆమె ఏం జవాబు చెప్పిందో రాయి, లేదా చెప్పలేక పాట మధ్యలో ఆగిపోయిందని రాయి. రెండూ కలిపి మాత్రం రాయకు.

2015 సెప్టెంబర్‌లో టర్కీ సముద్రపు ఒడ్డున, ఎర్ర చొక్కాతో బోర్లా పడి ఉన్న పసివాడి ఫోటో నీకు గుర్తుండే ఉంటుంది. పేరు అలాన్ కుర్దీ, కొబానీ కుటుంబం. ప్రపంచమంతా ఏడ్చింది, కానీ పత్రికలు మొదట్లో వాడి పేరే తప్పు రాశాయి. అదే రోజు వాడి అన్న, అమ్మ కూడా మునిగిపోయారని ఎంతమంది చెప్పగలరు?

నీ కథలోనూ అదే జరిగింది తమ్ముడూ. గుడారానికి నంబరుంది, తంబూర్‌కి తీగెలున్నాయి, పిల్లవాడి ఊరికి మాత్రం పేరు లేదు. తొందరేం లేదు. మ్యాపు ముందేసుకో, కుర్దులు పిలిచే పేరేదో, ప్రభుత్వం రాసిన పేరేదో రెండూ వెతుకు. దొరికాక ముందు నానమ్మ పాట రాసి నాకు పంపు, మిగతా కథ తర్వాత చూద్దాం.

అక్క